గింజ తక్కువ సీతాఫలం కోసం

సీతాఫలం తినేవాడికి నాలుక ఒక్కటే ఉంటే చాలదు, ఓర్పు కూడా ఉండాలి. నోరంతా తీపి అనుకుని కొరికితే నోరంతా గింజలే. మా ఉద్యానశాస్త్రం ఆచార్యులుగారు దీన్ని తన సొంత అవమానంగా తీసుకున్నారు. గుజ్జు ఎక్కువ, గింజ తక్కువ ఉన్న చెట్టు ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుందనీ, దాన్ని వెతికి పట్టుకోవడమే ఆఖరి సంవత్సరం విద్యార్థుల పని అనీ చెప్పి, తలా ఒక దిక్కు పంచారు. నా తోటివాళ్ళకి కడప, కర్నూలు వచ్చాయి. నాకు తెలంగాణా వచ్చింది.

పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. రజాకార్లు పోయారు, నిజాము ఏలుబడి పోయింది. కమ్యూనిస్టుల సంఘం దళాలకూ మిలటరీకీ పోరు మాత్రం పోలేదు. దళాలు అడవుల్లో ఉన్నాయి, మిలటరీ ఊళ్ళలో ఉంది.

"అక్కడ తుపాకులు పేలుతున్నాయటండీ" అన్నాను.

"సీతాఫలాలు కూడా కాస్తున్నాయి" అన్నారాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

మాది రేపల్లె దిగువన పల్లెటూరు. మా అమ్మ కొంత ఏడ్చి, చాలా జంతికలు కట్టింది. కాలేజీ వాళ్ళు అంటు కత్తి, మైనం, కత్తి తుడవడానికి స్పిరిటు సీసా, దూది, గోనెసంచి ఇచ్చారు. మా మేనమామ తన ఖాకీ నిక్కరు ఇచ్చాడు. ఆ నిక్కరు వల్ల పల్లెవాళ్ళకి పోలీసులా, నా మాట వల్ల పోలీసులకి బెజవాడ నుంచి దిగిన కమ్యూనిస్టులా కనబడతానని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. అప్పుడు చెప్పకూడని సంగతులు ఇందులో కొన్ని ఉన్నాయి. ఇప్పుడు చెబితే ఎవరికీ ముప్పు లేదు కనక రాస్తున్నాను.

మానుకోట

కాగితాల మీద మహబూబాబాదు. బండిలో అందరూ మానుకోట అన్నారు కనక నేను దిగాల్సిన స్టేషన్ దాదాపు దాటిపోయింది. కదిలే బండిలోంచి నేను ముందు, జంతికల డబ్బా తర్వాత దూకాం. డబ్బాకి దెబ్బ తగిలింది.

స్టేషన్ బయట టీ తాగి అణా ఇస్తే, కొట్టాయన దాన్ని ఎండకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది కలదారు పైస. మాకు హాలీ గావాలె."

కలదారంటే మన డబ్బు, హాలీ అంటే నిజాము డబ్బు. దేశమంతా ఒకటైందని పేపర్లో చదివాను గాని, టీకొట్టు దాకా ఇంకా రాలేదన్నమాట. పక్కన కూర్చున్న ముసలాయన మారకం ఎలాగో బోధించబోయి తనే తికమక పడ్డాడు. చివరికి కొట్టాయన విసిగిపోయి, రెండు జంతికలు తీసుకుని లెక్క సరిపోయిందన్నాడు. ఆ ప్రయాణంలో ఎక్కడా మారకం చూడకుండా చెల్లిన నాణెం మా అమ్మ జంతిక ఒక్కటే.

సంతలో ఒకావిడ గంపలో సీతాఫలాలు పెట్టుకుని కూర్చుంది. పేరు లచ్చవ్వ. ముక్కుపుల్ల, పెద్ద గొంతు.

"అవ్వా, గింజలు తక్కువ ఉన్న పండు ఉందా?"

"గింజలా? నా పండ్లల్ల గింజలే ఉండయ్ బిడ్డా. కురవి ఈరన్న మీద ఒట్టు!"

కురవి వీరభద్రుడంటే అక్కడ అబద్ధం చెప్పినవాణ్ణి ఇంటికి కూడా చేరనివ్వని దేవుడని విన్నాను. నమ్మి ఒకటి విప్పాను. గుజ్జు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. నేను గింజలు ఒక్కొక్కటే ఊసి రుమాల్లో పెట్టుకుంటుంటే చుట్టూ జనం చేరారు.

"ఈరన్న మీద ఒట్టేశావు కదవ్వా?"

"ఏసిన. నేను తెంపినప్పుడు లేకుండె. నువ్వు ఇప్పినంక అచ్చినయ్. నేనేం జెయ్యాలె?"

జనమంతా ఆవిడ పక్షమే. పైగా ఆవిడ నా రుమాల్లోని గింజలు అడిగింది. నూరి తలకి పెడితే పేలు చస్తాయట. శాస్త్రం కోసం పోగు చేసిన నమూనా ఆవిడ మనవరాలి తలకి పోయింది. మా వైపు ఇంత ధైర్యంగా అబద్ధమాడి ఇంత ప్రేమగా నవ్వే వ్యాపారులు లేరు. మా వాళ్ళు అబద్ధమాడతారు గాని ముఖం ముడుచుకుని ఆడతారు.

జనగామ

కాజీపేటలో బండి మారి జనగామ చేరాను. మా కాలేజీ గుమాస్తాకి దూరపు చుట్టం యేసుదాసు మాస్టారని, బడిపంతులు, అక్కడున్నారు. ఆయనా, ఆయన భార్య మార్తమ్మా నన్ను సొంత తమ్ముడిలా చూసుకున్నారు. నేను చేరిన పూట మాస్టారు ప్రార్థనకి చర్చికి వెళ్ళారు. మార్తమ్మగారు మంచినీళ్ళిచ్చి, ఏం పని మీద వచ్చావని అడిగారు.

"మొక్కల కోసం వచ్చానక్కా" అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోయారు. "మక్కల కోసం గంత దూరం రావాల్నా తమ్మీ? మీ దిక్కు పండయా?"

"పండుతాయి గాని, ఇక్కడివి ప్రత్యేకం అంటారు."

ఆవిడ ముఖం వెలిగింది. అంతే, కాల్చిన మొక్కజొన్న కంకులు వచ్చాయి. సాయంత్రం ఉడకేసినవి వచ్చాయి. పొద్దున మక్క గట్క, సంకటిలాంటిది. దానిలోకి "తొక్కు ఎయ్యాల్నా?" అని అడిగితే, ఉద్యానశాస్త్ర విద్యార్థిని కనక ఏ పండు తొక్కో చూద్దామని వేయమన్నాను. అది చింతకాయ పచ్చడి. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఆవిడ మాస్టారితో, "పాపం, మక్కలు తినక ఎన్ని రోజులైందో. కండ్లల్ల నీళ్లు తీస్తుండు" అన్నారు. మక్కలంటే మొక్కజొన్నలనీ, నేను అడిగినవి మొక్కలనీ మాస్టారు విడమరిచి చెప్పేసరికి నా సంచిలో విత్తనపు కంకులు కూడా చేరాయి. ముగ్గురం చాలాసేపు నవ్వుకున్నాం. కంకులు మాత్రం ఆవిడ వెనక్కి తీసుకోలేదు.

అయితే ఊరి వెనక గుట్ట నిండా ఉన్న సీతాఫలం చెట్ల సంగతి అడిగితే ఆ నవ్వు ఆగిపోయింది.

"ఈయేడు గుట్టెక్కనిస్తలేరు" అన్నారు మార్తమ్మగారు. "పైన దళమోళ్లుంటరని మిలటరోళ్లు ఆపిన్రు. పోయినేడు గా పండ్లు అమ్మి ఆడోళ్లు చీరెలు కొనుక్కున్నరు. ఈయేడు పండ్లన్నీ పిట్టలపాలు."

మాస్టారితో కలిసి గుట్ట మొదట్లో నిలబడి చూశాను. చెట్ల కింద పండ్లు పగిలి, చీమలు పట్టి, తీపి వాసన ఊరి దాకా వస్తోంది. ఇద్దరు ఆడవాళ్ళు గంపలతో వచ్చి, ఆ వాసన పీల్చి, సిపాయి చేతిలోని తుపాకిని చూసి వెనక్కి వెళ్ళిపోయారు. మా వైపు ఎవరి తోటలో పండు వాళ్ళు కోసుకోలేకపోవడం నేనెప్పుడూ చూడలేదు. నమూనా సంగతి ఎత్తకుండానే వెనక్కి తిరిగాను.

మాస్టారు మాత్రం ఒక మాట చెప్పారు. "పరకాల అవతల, మొగుళ్లపల్లి దాటినంక అడివి దిక్కు మంచి పండు దొరుకుతదని వింటం. పోతె పగలే పో. నీ నిక్కరు జర మార్చుకో."

నా దగ్గర ఇంకో నిక్కరు లేదు. ఆయన ధోవతి ఇచ్చారు. అది ఆ తర్వాత దారి పొడుగునా నాకు అడ్డం పడుతూనే ఉంది.

మొగుళ్లపల్లి

హనుమకొండ నుంచి పరకాల దాకా బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు. ఎత్తు వచ్చినప్పుడల్లా ప్రయాణికులు దిగి తోశారు. టిక్కెట్టు కొన్నది ఎక్కడానికో తోయడానికో తెలియలేదు. పరకాల నుంచి సాయిలు అనే ఆయన ఎడ్లబండి మాట్లాడుకున్నాను. నలభై దాటిన మనిషి. నోరు మూస్తే ఎద్దులు ఆగిపోతాయన్నట్టు దారంతా మాట్లాడాడు.

"ఏం సదువుతున్నవ్ సారూ?"

ఉద్యానశాస్త్రం అంటే ఆయనకి అర్థం కాలేదు. చెట్లు పెంచడం అంటే, "దానికి సదువెందుకు?" అన్నాడు. పరువు నిలబెట్టుకోవాలి కదా! చెట్లకి రోగాలొస్తే నయం చేసే చదువు అన్నాను. "అట్ల జెప్పు! డాకుటరు సదువు!" అన్నాడు సాయిలు. 'చెట్లకి' అనే మాట అక్కడే బండి చక్రం కింద పడి నలిగిపోయింది.

మొగుళ్లపల్లి చేరి, బండి విప్పి, నేను బావి దగ్గర ముఖం కడుక్కునేలోగా ఊళ్ళో సగం మంది వచ్చేశారు. జ్వరం, దగ్గు, కీళ్ళనొప్పి, కోడలి మీద కోపం.

"డాక్టర్ సాబూ, దవాఖాన మూసి శానా రోజులైంది. జర నాడి జూడుండ్రి" అంటూ ఒక పెద్దాయన చెయ్యి చాపాడు.

"అయ్యా, నేను చెట్ల డాక్టర్ని!"

"మేం పేదోళ్లమని గట్లంటున్నవా బాంచెన్?" అన్నాడాయన.

నాడి పట్టుకున్నాను. కొట్టుకుంటోంది. ఆ మాటే చెప్పాను. "కొట్టుకుంటోంది, ఏం ఫరవాలేదు." ఆయన చాలా సంతోషించాడు. దగ్గు ఉన్నవాళ్ళని వేడినీళ్ళు తాగమన్నాను, జ్వరం ఉన్నవాళ్ళని పడుకోమన్నాను, కోడలి మీద కోపం ఉన్నావిణ్ణి ఆ కోడల్నే పిలిచి సర్వపిండి చేయించమన్నాను. గిన్నెకి పిండి తట్టి, నువ్వులు చల్లి, నిప్పుల మీద ఎర్రగా కాల్చిన ఆ రొట్టె నాకు ఫీజు కింద ముట్టింది. మా ఊరి దిబ్బరొట్టె దాని ముందు ఒట్టి దూదిపింజ. అత్తా కోడలూ చెరో ముక్క తిని మాట్లాడుకున్నారు కూడా. నా వైద్య జీవితంలో నిజంగా కుదిరిన రోగం అదే అనుకున్నాను. ఇంకోటి మర్నాడే కాచుకుని ఉంది.

అడవి

పొద్దున్నే సాయిలు బండి మీద భూపాలపల్లి దారి పట్టాం. టేకు చెట్లు మొదలైన కాసేపటికి దారికి అడ్డంగా ముగ్గురు నిలబడ్డారు. ఇద్దరి భుజాన తుపాకులు. మూడో అతను కళ్ళజోడు పెట్టుకున్న బక్క మనిషి. సాయిలు మాట ఆ ప్రయాణంలో మొదటిసారి ఆగిపోయింది. ఎద్దులూ ఆగాయి.

"మొగుళ్లపల్లికి వచ్చిన డాక్టరు నువ్వేనా?" అన్నాడు కళ్ళజోడాయన.

"నేను చెట్ల..."

"దిగు తమ్మీ."

సాయిలునీ ఎద్దుల్నీ అక్కడే ఒకరి కాపలాలో ఉంచి, నా కళ్ళకి తువ్వాలు కట్టి నడిపించారు. ధోవతీ, రాళ్ళూ, కట్టిన కళ్ళూ కలిసి నన్ను ఎన్నిసార్లు పడేశాయో చెప్పలేను. పడ్డప్పుడల్లా తుపాకీ అతను, "దెబ్బ దాకిందా అన్నా?" అని దుమ్ము దులిపాడు. ఇలా మర్యాదగా చంపుతారేమో అనుకున్నాను.

తువ్వాలు విప్పేసరికి వాగు ఒడ్డున ఉన్నాను. బండకి ఆనుకుని ఒక మనిషి కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి. పేరు బుచ్చక్క. కుడికాలు పాదం సొరకాయలా వాచి ఉంది. కొట్టేసిన వెదురు మోడు గుచ్చుకుని, ముక్క లోపల విరిగిపోయి, చీము పట్టింది. కళ్ళజోడాయన దళ నాయకుడట. ఆవిడ నడవలేకపోవడం వల్ల వాళ్ళంతా అక్కడే ఆగిపోయారనీ, మిలటరీ ఏ పూటైనా రావచ్చనీ చెప్పాడు. "మీరంతా పోండ్రి, నేనుంట అంటది. ఇడిసిపెట్టి ఎట్ల పోతం?"

నేను చేతులు జోడించి, నాకు తెలిసింది సీతాఫలం, జామ, మామిడి అని నిజం చెప్పాను. సంచి విప్పి అంటు కత్తి, మైనం చూపించాను. తుపాకీ అతను ముఖం తిప్పుకున్నాడు. నాయకుడు మాత్రం, "మనుషుల డాక్టరు మాకు దొరకడు తమ్మీ. చెట్ల డాక్టరు దొరికిండు. గదే మా నసీబు" అన్నాడు.

కొమ్మ కుళ్ళితే ఏం చేయాలో నేర్చుకున్నాను. పదునైన కత్తి శుభ్రం చేసుకోవాలి, కుళ్ళంతా పోయేదాకా కోయాలి, కడగాలి, కట్టాలి. కొమ్మ మాత్రం కోసేవాడి ముఖంలోకి చూడదు. నీళ్ళు కాచి కత్తి మరిగించి, స్పిరిటుతో తుడిచాను. ఇద్దరు ఆవిడ భుజాలు పట్టుకున్నారు. కత్తి పాదం దగ్గరికి తీసుకెళ్ళేసరికి నా చెయ్యి చింతాకులా ఊగింది. కత్తి జారి నా బొటనవేలే తెగింది.

"ఆగు!" అంది బుచ్చక్క. "గీయన్ని ఇడిసి నన్ను పట్టుకున్నరేంది? ముందు గీయన్ని పట్టుకోండ్రి!"

దళమంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "కూసో తమ్మీ. నీళ్లు తాగు. ఇంట్ల ఎవరెవరున్నరు?" అని అడిగింది. అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు అని చెప్పాను. "ఇగ చెయ్యి. నువ్వు భయపడితె నాకు భయమైతది. అవుతల వీళ్లందరు భయపడుతరు."

కోశాను. ఆవిడ చీర చెంగు పళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంది గాని కాలు లాక్కోలేదు. చీముతోపాటు వెదురు ముక్క బయటికి వచ్చింది. చిటికెనవేలంత ఉంది. కడిగి, స్పిరిటు పోసినప్పుడు మాత్రం ఒక తిట్టు తిట్టింది. అది మా వైపు లేని తిట్టు, అర్థం ఎవరూ చెప్పలేదు. దూది పెట్టి కట్టాను. మిగిలిన దూదీ స్పిరిటూ వాళ్ళకే ఇచ్చేశాను.

ఎండ తగ్గేవేళకి ఆవిడ మడమ మోపి, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసింది. నాయకుడు కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు, చాలాసేపు. తుపాకీ అతను మోదుగాకు మీద సీతాఫలాలు తెచ్చి పెట్టాడు. రెండు రోజులుగా వాళ్ళ తిండి అవేనట. ఆకలి మీదున్నాను కనక చూడకుండా తిన్నాను. సగం పండు అయిపోయాక గాని గమనించలేదు, ఊయడానికి నోట్లో ఏమీ లేదు. అక్కడొకటి, ఇక్కడొకటి గింజ. మిగతాదంతా వెన్న.

"ఈ చెట్టు ఎక్కడుంది?" అని గంతేసి అరిచాను.

తుపాకీ అతని చెయ్యి భుజానున్న తుపాకీ మీదికి పోయింది. నాయకుడు నవ్వి, "అడివిల 'ఏడ' అని అడుగొద్దు తమ్మీ" అన్నాడు.

ఎంత బతిమాలినా చెప్పలేదు. నన్ను కూర్చోబెట్టి ఒక మనిషి వెళ్ళి, ముదురు కాయలూ కొన్ని పండ్లూ కోసి, గడ్డి వేసి గోనెసంచిలో సర్ది ఇచ్చాడు. మళ్ళీ తువ్వాలు, మళ్ళీ పడడం. బుచ్చక్క వెనకనుంచి కేకేసింది. "పైలం తమ్మీ! ధోతి జర పైకి కట్టు!"

భూపాలపల్లి

అప్పుడది అడవి అంచున చిన్న ఊరు. ఊరికి ముందే మిలటరీవాళ్ళు మా బండిని ఆపారు. సాయిలు అడవి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. అందుకే అనుమానం వచ్చిందేమో! ఒక జవాను గోనెసంచిలో చెయ్యి పెట్టాడు. గుండ్రంగా, గట్టిగా, ఒళ్ళంతా బుడిపెలు. ఒక్క అరుపు అరిచి సంచి వదిలేసి నేలమీద బోర్లా పడుకున్నాడు. మిగతావాళ్ళూ పడుకున్నారు. ఏం జరిగిందో తెలియక సాయిలూ నేనూ కూడా పడుకున్నాం. ఎద్దులు మాత్రం నిలబడి చూశాయి.

సంచి ఎంతకీ పేలకపోయేసరికి హవల్దారు లేచి, తుపాకీ కొనతో మూతి తెరిచాడు. పెద్ద మీసాల ఉత్తరాది మనిషి. ముఖం ఒక్కసారిగా పసిపిల్లాడిలా అయిపోయింది.

"అరే! షరీఫా!"

సీతాఫలానికి వాళ్ళ మాట అది. వాళ్ళ ఊళ్ళో ఇంటి వెనక చెట్టుందట. కాయల్లో మెత్తబడినవన్నీ ఏరి జవాన్లకి పంచాడు. నా డిగ్రీ నా కళ్ళ ముందే కరిగిపోతోంది. రుమాలు చాపుకుని జవాను జవాను దగ్గరికీ పరిగెత్తాను. "భయ్యా, ఇక్కడ ఊయండి. దయచేసి ఇక్కడ ఊయండి." యుద్ధానికొచ్చిన సైనికులు వరసగా నిలబడి నా రుమాల్లో గింజలు ఊశారు. ఒకతను వెతికి వెతికి, గింజే లేదని నోరు తెరిచి చూపించాడు.

అప్పుడు హవల్దారు చూపు నా చొక్కా చేతికంటిన నెత్తురు మీద పడింది. "ఖూన్?"

తెగిన బొటనవేలు పైకెత్తాను. కత్తి చూపించాను. అతను నమ్మాడో లేదో, దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు, అడవిలో ఎవరినైనా చూశావా అని. సాయిలు కళ్ళు మూసుకున్నాడు. నాకొచ్చిన హిందీ అంతా కూడదీసుకుని, "పేడ్ దేఖా" అన్నాను. చెట్లని చూశాను అని నా భావం. ఆ మాటకి మా ఊళ్ళో ఉన్న అర్థం గుర్తొచ్చి, ఇంకో వివరం ఇవ్వకుండా నోరు మూసుకున్నాను. అతను నన్నూ, నా ధోవతినీ, రుమాలులోని గింజల్నీ చూసి, "పాగల్" అని తేల్చి పొమ్మన్నాడు.

ఊరు దాటాక సాయిలు బండి ఆపి, దిగి, చెట్టు చాటుకి వెళ్ళొచ్చి, ఆ రోజు మాట్లాడవలసిందంతా ఒక్కసారిగా మాట్లాడాడు.

కాలేజీ

మిగిలిన కాయలు కాజీపేట దాటేసరికి పండాయి, బెజవాడ చేరేసరికి మెత్తబడ్డాయి. ఆచార్యులుగారి బల్ల మీద పెట్టేసరికి ఒక్కటి మాత్రం ఆకారంతో ఉంది. ఆయన దాన్ని విప్పి, ఒక తొన నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకున్నారు.

"చెట్టు ఎక్కడ?"

"భూపాలపల్లి అడవిలోనండి."

"అడవిలో ఎక్కడ?"

"తెలియదండి."

"దారి చూపినవాళ్ళని అడిగి రాసుకోలేదా?"

"వాళ్ళు చెప్పరండి."

ఆయన కళ్ళజోడు తీశారు. చెట్టున్న చోటు తెలియని నమూనా శాస్త్రానికి పనికిరాదనీ, అంటు కట్టడానికి కొమ్మ తేకుండా గింజలు తెచ్చినవాడు ఉద్యానశాస్త్రానికి పనికిరాడనీ నాకు బాగా తెలుసు, ఆయనే చెప్పిన పాఠం అది. తిట్లకి సిద్ధంగా తల వంచుకున్నాను. ఆయన తిట్టలేదు. లేచి గది తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"వాళ్ళకి తిండి దొరుకుతోందా?" అన్నారు. క్లాసులో నేనెప్పుడూ వినని గొంతు అది.

"ఇది సీతాఫలాల కాలం కదండీ."

ఆయన బల్ల మీది తొక్కలన్నీ ఒక్కచోటికి చేర్చారు.

"ఈ నెలాఖరుకి అయిపోతాయయ్యా" అన్నారు.